పాట మొదట్లో ఖాళీ: ఎక్కడ వదలాలి, ఎక్కడ కోసెయ్యాలి

మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌లో కొత్త ప్రాజెక్ట్ ఓపెన్ చెయ్యగానే మనలో చాలామంది చేసేది ఒకటే, సరాసరి 1.1.1 దగ్గర, అంటే మొదటి బార్ (కొన్ని బీట్లు కలిసిన ఒక గడి) మొదటి బీటు మీద కిక్కో ప్యాడో పెట్టేసి మొదలెట్టెయ్యడం. గ్రిడ్ అక్కడే మొదలవుతోంది కదా, పాట కూడా అక్కణ్ణించే ఉండాలి అనిపిస్తుంది. తీరా పాట సగం అయ్యాక సింగర్ వచ్చి పల్లవిలో మొదటి మాటని బీటు కంటే ముందే ఎత్తుకుంటే ఆ మాట పెట్టడానికి చోటుండదు, వయొలిన్ ప్యాచ్‌లో మొదటి నోటు తల తెగినట్టు వినపడుతుంది, కీబోర్డ్ ప్లేయర్‌కి ట్రాక్ పంపితే "ఎక్కడ ఎత్తుకోవాలో తెలీట్లేదు బ్రో, ముందు క్లిక్ ఇవ్వు" అని వాయిస్ మెసేజ్ వస్తుంది. సరే అని సలహా అడిగితే ఒకరు కనీసం రెండు బార్లు ఖాళీ వదలమంటారు, ఇంకొకరు మొదట్లో అర సెకను సైలెన్స్ ఉన్నా జనం స్కిప్ కొట్టేస్తారు తీసెయ్ అంటారు, మూడో ఆయన నువ్వు తీసినా ఎంపీ3 చేస్తే కొంచెం అదే వచ్చి కూర్చుంటుంది అంటాడు. ముగ్గురూ కరెక్టే, కాకపోతే ముగ్గురూ మాట్లాడేది మూడు వేరే ఖాళీల గురించి.

ఒకటి ప్రాజెక్ట్ లోపల టైంలైన్ మీద ఉండే ఖాళీ, దీన్ని బార్లలో లెక్కపెట్టాలి. రెండోది బయటికి తీసిన ఫైల్ మొదట్లో ఉండేది, దీన్ని మిల్లీసెకన్లలో చూడాలి. మూడోది ఎంపీ3, ఏఏసీ లాంటి ఫార్మాట్లు మనల్ని అడక్కుండా కలిపేది, అది శాంపిల్స్‌లో (డిజిటల్ శబ్దాన్ని కొలిచే అతి చిన్న ముక్కలు, సెకనుకి వేలల్లో ఉంటాయి) ఉంటుంది. నా లెక్కలో మొదటి దాంట్లో ఎంత ధారాళంగా ఉంటే అంత మంచిది, రెండో దాంట్లో పిసినారిగా ఉండాలి, మూడోది మన చేతిలో లేదు కాబట్టి అది ఎక్కడ దూరుతుందో తెలిసుండాలి. తలనొప్పులన్నీ ఒకదానికి పనికొచ్చే రూల్‌ని ఇంకోదానికి అంటించడం దగ్గరే మొదలవుతాయి.

ముందు ప్రాజెక్ట్ సంగతి. 1.1.1 కి ముందు ఏమీ లేదు అనేదే అసలు సమస్య. కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్ళకి గ్రహాలు తెలిసే ఉంటాయి, పాట తాళంతో కలిసి మొదలైతే సమం, తాళం కంటే ముందే ఎత్తుకుంటే అతీతం, తాళం పడ్డాక ఎత్తుకుంటే అనాగతం. అతీతం ఎత్తుగడకి సమం (తాళం మొదటి దెబ్బ) ముందు చోటు కావాలని వేరే చెప్పక్కర్లేదు. సినిమా పాటల్లో, లలిత సంగీతంలో కూడా పల్లవి మొదటి రెండక్షరాలు ముందు బార్ చివర్లోనే పడిపోయి, బరువున్న అక్షరం వచ్చి సమం మీద కూర్చోవడం చాలా మామూలు. 1.1.1 దగ్గర పాట మొదలెట్టేసినవాళ్ళు ఇక్కడ ఇరుక్కుంటారు, ఆ రెండక్షరాలు కట్ అయినా అవుతాయి, లేదంటే వాటిని బలవంతంగా 1.1.1 మీదకి లాగేసి మిగతా పాటంతా అర బీటు పక్కకి జరిగి కూర్చుంటుంది. ఆ తర్వాత క్వాంటైజ్ (నోట్లని దగ్గర్లోని గ్రిడ్ గీతకి లాగేది) నొక్కితే ఇంక చూస్కోండి.

అనాగతంలో ఇబ్బంది దీనికి పూర్తిగా ఉల్టా. ఆది తాళంలో సమం పడ్డాక అర అక్షరం (ఇక్కడ అక్షరం అంటే తాళంలో ఒక లెక్క) ఆగి ఎత్తుకునే కృతి ఉందనుకోండి, నిమిషానికి 80 అక్షరాలు (80 బీపీఎం) అయితే ఆ అర అక్షరం 375 మిల్లీసెకన్లు. ఒకటిన్నర అక్షరం తర్వాత ఎత్తుకునేవైతే సెకను దాటిపోతుంది, 1.125 సెకన్లు. బయటి నుంచి వచ్చిన వోకల్ ఫైల్‌ని ప్రాజెక్ట్‌లోకి లాగి, ముందున్న ఖాళీ అంతా కోసేసి, వేవ్‌ఫామ్ ఎక్కడ లేస్తుందో దాన్ని తీసుకెళ్ళి బార్ లైన్‌కి అతికించడం చాలామందికి అలవాటు. అలా చేస్తే ఏమవుతుంది, అనాగతంలో ఉన్న పాట సమంలోకి వచ్చేస్తుంది, మృదంగం ప్రోగ్రామింగ్ మొత్తం తప్పు చోట పడుతుంది. వింటే ఎక్కడో తేడాగా ఉందని తెలుస్తుంది గానీ ఎక్కడో దొరకదు, ఎందుకంటే లోపల ఒక్కో బీటు పర్ఫెక్ట్‌గానే ఉంటుంది. ఆ 375 మిల్లీసెకన్లు పాటలో భాగం, కొయ్యడానికి వీల్లేదు. మొదటి శబ్దం ఎక్కడుందో చూడకూడదు, మొదటి సమం ఎక్కడుందో తాళం వేసుకుని పట్టుకోవాలి, దాన్ని బార్ లైన్ మీద పెట్టాలి. ఏబుల్టన్ లైవ్ సాఫ్ట్‌వేర్‌లో "సెట్ 1.1.1 హియర్" అనే ఆప్షన్ ఉన్నది దీనికే, క్లిప్ మొదలుతో సంబంధం లేకుండా తాళం మొదలు ఎక్కడో మనం చూపించొచ్చు.

ఎత్తుగడ ఇబ్బంది లేని పాటలకి కూడా ముందు చోటు కావాలి, ఎందుకంటే మెషీన్‌కి సర్దుకోడానికి టైం పడుతుంది. ఇది పాత కీబోర్డులు, సౌండ్ మాడ్యూల్స్ కాలం నుంచి ఉన్న గొడవే. 1983లో వచ్చిన మిడి (ఏ నోటు ఎప్పుడు మోగాలో వాద్యాలకి చెప్పే మెసేజీల పద్ధతి) కేబుల్ స్పీడు సెకనుకి 31,250 బిట్లు, ఒక బైట్‌కి స్టార్ట్ స్టాప్ బిట్లతో కలిపి 10 బిట్లు, అంటే ఒక్క బైట్ వెళ్ళడానికి 0.32 మిల్లీసెకన్లు. ఇప్పుడు మిడి ఫైల్ మొదట్లో 16 ఛానెళ్ళకీ సౌండ్ మార్చే మెసేజ్ 2 బైట్లు, వాల్యూమ్, ప్యాన్, రివర్బ్, కోరస్ తలా 3 బైట్లు వేసుకుంటే ఛానెల్‌కి 14, మొత్తం 224 బైట్లు, దాదాపు 72 మిల్లీసెకన్లు. ఇవన్నీ మొదటి నోటు ఉన్న టిక్ (బీటులో అతి చిన్న భాగం) మీదే పెట్టేస్తే కార్డ్ (కలిసి మోగాల్సిన నోట్లు) మొత్తం ఆ క్యూ వెనకాల నిలబడుతుంది, పైగా కొన్ని మాడ్యూల్స్‌కి రీసెట్ మెసేజ్ వచ్చాక తేరుకోడానికి ఇంకొంచెం టైం కావాలి. అందుకే పాతకాలపు మిడి ఫైళ్ళు తెరిచి చూస్తే చాలావాటి మొదటి బార్‌లో ఒక్క నోటు కూడా ఉండదు, అదంతా సెటప్‌కి వదిలేసిన బార్. తెలిసి చేసినవాళ్ళ పని అది.

ఇప్పుడంతా కంప్యూటర్ లోపలే కదా, కేబులెక్కడుంది అనొచ్చు. కేబుల్ పోయింది గానీ జబ్బు వేరే రూపంలో ఉంది. స్ట్రింగ్స్ లైబ్రరీలో లెగాటో (నోట్లు కలిపి వాయించడం) నుంచి స్టకాటోకి (తుంచి వాయించడానికి) మార్చే కీ-స్విచ్ నోటు, అసలు నోటు రెండూ ఒకే టిక్ మీద ఉంటే ఏది ముందు చదువుతుందో గ్యారంటీ లేదు, అందుకని కీ-స్విచ్‌ని కాస్త ముందు పెడతాం, 1.1.1 దగ్గర ఆ "కాస్త ముందు" అనేది లేదు. అలాగే నెమ్మదిగా లేచే స్ట్రింగ్స్ శాంపిల్స్ (లైబ్రరీలోని రికార్డింగులు) బీటు వెనకాల పడ్డట్టు వినపడతాయి, సరిచెయ్యడానికి ఆ ట్రాక్‌కి మైనస్ డిలే ఇస్తాం, లైబ్రరీని బట్టి 50 నుంచి 200 మిల్లీసెకన్ల దాకా ముందుకి లాగుతాం. పాటలో అన్ని చోట్లా బ్రహ్మాండంగా పనిచేసి మొదటి నోటు దగ్గర మాత్రం చేతులెత్తేస్తుంది, సున్నా కంటే ముందుకి లాగడానికి ఏముంది అక్కడ. ఇంక వాల్యూమ్ ఆటోమేషన్, ఫిల్టర్ ఆటోమేషన్ (సెట్టింగ్‌లు వాటంతటవే మారేలా టైంలైన్ మీద గీసేవి) మొదటి పాయింట్ కూడా అంతే, ప్లే నొక్కిన మొదటి క్షణంలో ప్లగిన్ ఇంకా పాత సెట్టింగ్‌లోనే ఉండి టక్కున కొత్తదానికి మారడం మీరూ వినే ఉంటారు. ముందు ఒక్క ఖాళీ బార్ ఉన్నా ఇవన్నీ అందులోనే సద్దుమణుగుతాయి.

సాఫ్ట్‌వేర్‌లో కౌంట్-ఇన్ బటన్ ఉందిగా, అది నొక్కితే సరిపోదా అని కొందరంటారు. సరిపోదు. కౌంట్-ఇన్ అనేది రికార్డ్ నొక్కినప్పుడు వినపడే క్లిక్కే తప్ప టైంలైన్ మీద దానికంటూ చోటు లేదు, మీ కంప్యూటర్‌లో మీకు వినపడుతుంది, స్టెమ్స్ (ట్రాకుల్ని విడివిడిగా తీసిన ఫైళ్ళు) తీసి పంపితే అందులో రాదు, దాని మీద ఆటోమేషన్ గియ్యలేరు, ఎత్తుగడ పెట్టలేరు. ప్రాక్టీసుకి బావుంటుంది అంతే.

మరి ఎన్ని బార్లు? రెండు చాలు అంటారు, నిజమే, కానీ నేనైతే నాలుగు వదులుతా. కారణం చాలా చిన్నది. మన పాటల్లో ఎక్కువ భాగం నాలుగేసి, ఎనిమిదేసి బార్ల ముక్కలుగా నడుస్తాయి, నాలుగు వదిలితే పాట 5వ బార్‌లో మొదలై ముక్కలు 9, 13, 17 మీద పడతాయి, రూలర్ మీద జూమ్ తగ్గించినా కనపడే నంబర్లు ఇవే. రెండు వదిలితే 3, 7, 11 అవుతాయి, అవి గుర్తుండవు. ఆది తాళం ఒక ఆవర్తనం (తాళం ఒక పూర్తి చుట్టు) 4/4లో (బార్‌కి నాలుగు బీట్లు) రెండు బార్లు కాబట్టి అక్కడ సరిసంఖ్యలో వదలడం తప్పనిసరి, మూడు వదిలితే ఆవర్తనం సమం అంతా సరిసంఖ్య బార్లకి వెళ్ళిపోయి లెక్క తిరగబడుతుంది. మిశ్ర చాపు 7/8లో (బార్‌కి ఏడు లెక్కలు) పెట్టుకుంటే ఖాళీ బార్లు కూడా 7/8లోనే ఉండాలి, కౌంట్ ఇచ్చేది వాయించేవాడికి ఆ నడక వంట్లోకి ఎక్కడానికే కదా, ముందు 4/4 క్లిక్ వినిపించి తర్వాత ఏడు వాయించమంటే ఎలా. టెంపో కూడా అంతే, పాట 5వ బార్‌లో మొదలవుతోంది కదా అని టెంపో మార్కర్ అక్కడ పెడితే ముందు నాలుగు బార్లు డిఫాల్ట్ 120లో తిరుగుతాయి, డ్రమ్మర్ 120 విని 92లో దిగాలి. టెంపో మార్కర్ ఎప్పుడూ అన్నిటికంటే ముందు, 1.1.1 మీదే ఉండాలి. అక్కడ ఉండాల్సింది అదొక్కటే.

నంబర్లు 5 నుంచి మొదలైతే చిరాకు అనుకునేవాళ్ళకి దారులున్నాయి. లాజిక్ సాఫ్ట్‌వేర్‌లో ప్రాజెక్ట్ స్టార్ట్ మార్కర్‌ని ఎడమకి లాగితే 1వ బార్‌కి ముందు సున్నా, మైనస్ నంబర్లు వస్తాయి. క్యూబేస్, రీపర్‌లో ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లోకెళ్ళి బార్ నంబర్ ఎక్కణ్ణించి మొదలవ్వాలో మార్చుకోవచ్చు. నొటేషన్ రాసి వాయించేవాళ్ళకి పంపేటప్పుడు ఇది పనికొస్తుంది, కాగితం మీద 1వ బార్, స్క్రీన్ మీద 5వ బార్ అయితే రికార్డింగ్‌లో "ఏ పదమూడు?" అనే గొడవ ఖాయం.

సినిమా పని చేసేవాళ్ళకి ఇది వేరే లోకం. ఆర్ఆర్ (బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్) చేసేటప్పుడు రీల్ మొదటి ఫ్రేమ్‌ని టైంకోడ్‌లో (గంట:నిమిషం:సెకను:ఫ్రేమ్) 01:00:00:00 అని పెట్టుకోవడం చాలాచోట్ల అలవాటు, రెండో రీల్ 02 గంటల నుంచి, అలా. మొదటి ఫ్రేమ్‌కి కరెక్టుగా 2 సెకన్ల ముందు, 00:59:58:00 దగ్గర, ఒక్క ఫ్రేమ్ నిడివి 1 కిలోహెర్ట్జ్ బీప్ ఉంటుంది, దాన్నే 2-పాప్ అంటారు, 24 ఫ్రేముల లెక్కలో 48 ఫ్రేములు ముందన్నమాట. పిక్చర్, డైలాగ్, మ్యూజిక్ వేరే వేరే చోట్ల తయారై మిక్సింగ్‌లో కలిసినప్పుడు ఆ బీప్‌లు ఒకదాని మీద ఒకటి పడ్డాయంటే సింక్ ఉన్నట్టు. సెషన్ స్టార్ట్‌ని సరిగ్గా 01:00:00:00 అని పెడితే ఆ పాప్‌కి చోటు ఉండదు కాబట్టి సెషన్‌ని ఇంకా ముందు నుంచి మొదలెడతారు. పాటలవాళ్ళు ఈ అలవాటు ఎందుకు అప్పు తెచ్చుకోరో నాకు అర్థం కాదు, కింద చెప్పే గొడవ సగం దీంతోనే తీరిపోతుంది.

మొదట్లో వదల్లేదు, పాట మొత్తం అయిపోయింది, ఇప్పుడు చోటు చెయ్యాలి. అన్నీ సెలెక్ట్ చేసి మౌస్‌తో కుడికి లాగడం మాత్రం వద్దు, క్లిప్పులు వస్తాయి గానీ టెంపో ట్రాక్, మార్కర్లు, కొన్నిసార్లు ఆటోమేషన్ అక్కడే ఉండిపోతాయి. దీనికి ప్రతి సాఫ్ట్‌వేర్‌లో కమాండ్ ఉంది, లైవ్‌లోనూ క్యూబేస్‌లోనూ ఇన్సర్ట్ సైలెన్స్, ఎఫ్ఎల్ స్టూడియో ప్లేలిస్ట్‌లో ఇన్సర్ట్ స్పేస్, ప్రో టూల్స్‌లో ఇన్సర్ట్ టైం. చేశాక చెక్ చేసుకోడానికి ఒక లెక్క చెప్తా. పాట 96 బీపీఎం అనుకోండి, బీటు 0.625 సెకను, 4/4లో బార్ 2.5 సెకన్లు, నాలుగు బార్లు సరిగ్గా 10 సెకన్లు. ముందు మొదటి కిక్ 0:00.000 దగ్గర, చివరి సింబల్ 3:42.500 దగ్గర ఉంటే ఇప్పుడవి 0:10.000, 3:52.500 దగ్గర ఉండాలి. మొదటిది కరెక్ట్‌గా ఉండి చివరిది తేడాగా ఉందంటే మధ్యలో ఎక్కడో టెంపో మార్కర్ కదల్లేదు. ఆటోమేషన్ ఉన్న ట్రాకుల్లో కూడా చివరి పాయింట్ చూడండి, మొదటిది కాదు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ట్రాకులు రెండు రకాలుగా టైంలైన్‌కి అతుక్కుంటాయి, కొన్ని బార్లకి, కొన్ని గడియారానికి. ప్రో టూల్స్ వీటిని టిక్స్, శాంపిల్స్ అంటుంది, క్యూబేస్‌లో మ్యూజికల్, లీనియర్. ఖాళీ బార్లు పెట్టాక తీరిగ్గా వాటి టెంపో మారిస్తే మిడి ట్రాకులన్నీ బార్లతో పాటు కదిలిపోతాయి, గడియారానికి అతుక్కున్న వోకల్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. అప్పటిదాకా బానే ఉన్న పాట మొత్తం ఒక్కసారిగా చెదిరిపోతే ముందు చూడాల్సింది ఇదే.

ఇప్పుడు ఫైల్ బయటికి వెళ్ళే సంగతి. మిక్సింగ్‌కి స్టెమ్స్ పంపేటప్పుడు ప్రతి ట్రాక్ 1వ బార్ నుంచే తియ్యాలి, రెండో చరణంలో ఒక్కసారి వినపడే ఫ్లూట్ అయినా సరే, దాని ముందు రెండున్నర నిమిషాల ఖాళీ ఉన్నా సరే. ఫైల్ సైజ్ పెరుగుతుందని భయపడి కోసేవాళ్ళున్నారు, 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ మోనో వేవ్ ఫైల్‌కి 10 సెకన్ల ఖాళీ అంటే 1.44 ఎంబీ, దానికి కక్కుర్తి పడితే అవతల ఇంజనీర్ ఫ్లూట్ ఎక్కడ పెట్టాలో వెతుక్కోవాలి. బ్రాడ్‌కాస్ట్ వేవ్ ఫైళ్ళలో స్టార్టింగ్ టైం రాసుకునే చోటు ఉంటుంది, 1997 నుంచి ఉన్న స్టాండర్డే, కానీ అవతలి సాఫ్ట్‌వేర్ దాన్ని చదవాలి, ఇవతలిది సరిగ్గా రాసుండాలి, ఇన్ని నమ్మకాలు పెట్టుకోవడం కంటే అన్నీ సున్నా నుంచి తియ్యడం తేలిక.

అసలు సినిమా మూడో ఖాళీ దగ్గర ఉంది. హైదరాబాద్‌లో ఒకరు ట్రాక్ చేస్తారు, డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న సింగర్ ఇంట్లో పాడి పంపుతారు, ఇది ఇప్పుడు రోజూ జరిగే పనే. మైనస్ ట్రాక్ (గొంతు లేని మ్యూజిక్) ఎంపీ3 చేసి పంపుతారు, సింగర్ దాన్ని సున్నా దగ్గర పెట్టుకుని పాడి, సున్నా నుంచి వేవ్ ఫైల్ తీసి పంపుతారు, ఇవతల ఒరిజినల్ ప్రాజెక్ట్‌లో సున్నా దగ్గర పెడితే గొంతు బీటు వెనకాల ఈడుస్తున్నట్టుంటుంది. సింగర్ లయ తప్పారనుకుంటారు పాపం. జరిగింది ఏంటంటే, ఎంపీ3 శబ్దాన్ని ఒకదాని మీదకొకటి వచ్చే ముక్కలుగా చేసి కుదిస్తుంది, ముక్కకి 1152 శాంపిల్స్, మొదటి ముక్కకి ముందు ఏమీ లేదు కాబట్టి అక్కడ ఖాళీ కలపక తప్పదు. లేమ్ ఎన్‌కోడర్ (ఎంపీ3 తయారుచేసే సాఫ్ట్‌వేర్) మామూలుగా 576 శాంపిల్స్ కలుపుతుంది, విప్పేటప్పుడు డీకోడర్ వల్ల ఇంకో 529, మొత్తం 1105, 44.1 కిలోహెర్ట్జ్‌లో 25 మిల్లీసెకన్లు. యాపిల్ ఏఏసీ ఎన్‌కోడర్ అయితే 2112 శాంపిల్స్, దాదాపు 48 మిల్లీసెకన్లు. ఎంత కలిపిందో ఫైల్ లోపల రాసిపెడతాయి, చదివే సాఫ్ట్‌వేర్ దాన్ని చూసి కోసేస్తే ఇబ్బంది లేదు, చూడకపోతే సింగర్‌కి మ్యూజిక్కే 25 మిల్లీసెకన్లు లేటుగా వినపడింది, దానికి తగ్గట్టే పాడారు. 120 బీపీఎంలో ఒక పదహారో నోటు 125 మిల్లీసెకన్లు, అందులో ఐదో వంతు లేటంటే మెలొడీ పాటలో సర్దుకుపోవచ్చేమో గానీ తీన్మార్ బీటు మీద పాడితే తెలిసిపోతుంది.

ట్రాక్ వేవ్‌లోనో ఫ్లాక్‌లోనో పంపితే ఈ గొడవే లేదు. ఎంపీ3 తప్పదంటే, పంపిన ఆ ఎంపీ3నే మళ్ళీ మీ ప్రాజెక్ట్‌లోకి తెచ్చి ఒరిజినల్ పక్కన పెట్టి జూమ్ చేసి తేడా ఎంతో చూడొచ్చు, కానీ అది మీ సాఫ్ట్‌వేర్ విప్పిన లెక్క, సింగర్ దగ్గరున్నది వేరేదైతే అక్కడ ఇంకోలా విప్పుండొచ్చు. అందుకే సినిమావాళ్ళ పాప్. నాలుగు ఖాళీ బార్లలో రెండో బార్ మొదట్లో ఒక గట్టి క్లిక్ ముద్రించి పంపండి, సింగర్‌ని వోకల్‌తో పాటు వాళ్ళ టైంలైన్ మీద ఉన్న మైనస్ ట్రాక్‌ని కూడా సున్నా నుంచి వేవ్‌గా తీసి పంపమనండి, అందులో క్లిక్‌ని మీ క్లిక్ మీద పెట్టండి, వోకల్‌ని కూడా అంతే జరపండి. వాళ్ళు ఏ సాఫ్ట్‌వేర్‌లో ఎలా విప్పినా సరే ఈ పద్ధతి గురి తప్పదు.

ఫైనల్ మిక్స్‌కి వచ్చేసరికి ఆ నాలుగు బార్లూ పోవాలి, 60 బీపీఎం పాటైతే అవి 16 సెకన్లు, ఎవరూ ఆగరు. అలా అని మొదటి శాంపిల్ మీదే కిక్ పెట్టి కొయ్యడం కూడా వద్దు, ఎంపీ3 అయ్యాక ఆ దెబ్బ మొద్దుబారొచ్చు, పైగా బ్లూటూత్ స్పీకర్లు కొన్ని నిద్రలోంచి లేచేసరికి మొదటి క్షణం మింగేస్తాయి. 100 నుంచి 300 మిల్లీసెకన్లు ఉంచి, అందులో రూమ్ చప్పుడు టక్కున మొదలవ్వకుండా 5, 10 మిల్లీసెకన్ల ఫేడ్ ఇస్తే చాలు. గొంతుతో మొదలయ్యే పాటైతే ముందు పీల్చిన ఊపిరి ఉండనివ్వండి, అది తీస్తే మాట గోడలోంచి ఊడిపడ్డట్టుంటుంది. తంబూరాతో మొదలయ్యే కచేరీ రికార్డింగ్‌లో అసలు సైలెన్స్ అనేదే ఉండదు, రెండు మూడు సెకన్ల ఫేడ్‌తో శ్రుతి లేవనిస్తే బావుంటుంది. అదే కచేరీని ఆలాపన, కృతి, స్వరాలు అని ముక్కలు చేసి పెడుతుంటే మాత్రం ఏ ముక్క మొదట్లోనూ ఖాళీ గానీ ఫేడ్ గానీ వద్దు, తంబూరా తెగుతుంది. గేమ్‌కో యాప్‌కో లూప్ చేసి ఇచ్చే మ్యూజిక్ కూడా ఇంతే, మొదట్లో సున్నా ఖాళీ, ఎంపీ3లో ఇవ్వకూడదు, ఎందుకంటే ఆ 25 మిల్లీసెకన్లు లూప్ తిరిగిన ప్రతిసారీ వినపడతాయి.